ఆపి వెయ్యండి సార్: ఒక మహాశాస్త్రానికి చిరు ప్రశంస

కస్టమర్ కేర్ వాళ్లను ఆడిపోసుకునేవాళ్లు మన వైపు రోజురోజుకీ ఎక్కువవుతున్నారు. ఇది ధర్మం కాదు. పన్నెండేళ్లో పదిహేనేళ్లో నిండిన శాటిలైట్ రికార్డరు (డిష్ టీవీ కార్యక్రమాలను చూపించి, తన లోపలి డిస్కు మీద రికార్డు కూడా చేసే పెట్టె) మొరాయిస్తే, అవతలి గొంతు చెప్పేది వింటూ గంటసేపు నేలమీద గొంతుక్కూర్చున్న గృహస్థు ఎవరైనా సరే, ఆ శాస్త్రం లోతు తెలిస్తే చేతులెత్తి మొక్కుతాడు. సూత్రం ఒక్కటే: ఆపి, పది సెకన్లాగి, మళ్లీ వెయ్యాలి. డిష్ మీద కోతి ఊగినా అదే, అడాప్టరు చచ్చినా అదే, హార్డ్ డిస్కు టక్కుటక్కుమన్నా అదే. మందు మారదు గనక రోగమేదో కనుక్కునే తిప్పలు ఎవరికీ లేవు.

"సార్, మెయిన్ స్విచ్ ఆపి వేశారా?"

"ఏసినా అబ్బయా. పొద్దన్నుంచి అదే పనిమీద ఉండా."

"మరొక్కసారి వేయండి సార్, నేను లైన్లోనే ఉంటాను."

ఆ ఉండటంలోని ఓర్పును ఎవరూ గుర్తించరు.

దానికి ముందు ఇంకో ఘట్టం ఉంటుంది. మీరు మీరేనని రుజువు కావాలి. రిజిస్టర్ చేసిన నంబరు బెంగుళూరులో ఉన్న అబ్బాయిది, ఓటీపీ అక్కడికి పోతుంది, అబ్బాయి మీటింగులో ఉంటాడు. ఈలోగా కావలి నాయనమ్మ సీరియల్ రికార్డు కాకుండానే అయిపోతుంది. భద్రత ముఖ్యం.

ఆపి వెయ్యడంతో లొంగకపోతే రెండో అస్త్రం: "రిఫ్రెష్ పంపాను సార్, అరగంట పెట్టె ఆన్‌లోనే ఉంచండి." ప్యాకు తాజాగా రీచార్జి చేసినా ఛానళ్లు తెరుచుకోనప్పుడు ఇది నిజంగానే పనిచేస్తుంది, ఆ మాట ఒప్పుకోవాలి. అయితే ఆ అనుమతి పెట్టెకు చేరేది ఉపగ్రహం మీంచే. 'నో సిగ్నల్' అని తెర మీద రాసి ఉన్న పెట్టెకు సిగ్నల్ ద్వారానే వైద్యం పంపడంలో ఉన్న వేదాంతం మామూలు బుర్రలకు అందదు.

ఈ శాస్త్రం మీద గౌరవం లేని మొరటు మనుషులు కొందరు ఉన్నారు. వాళ్లు ఫోను చెయ్యకముందే పెట్టెను వెనక్కి తిప్పి చూస్తారు. ముందుగా అడాప్టరు పట్టుకుంటారు. రికార్డరు లోపల ఉండేది కంప్యూటర్లో వాడే మూడున్నర అంగుళాల హార్డ్ డిస్కు. అది నిద్రలేచి తిరగడం మొదలుపెట్టే క్షణంలో 12 వోల్టుల దగ్గర దాదాపు 2 ఆంపియర్లు లాగుతుంది. ఏళ్ల తరబడి వేడికి అడాప్టరులోని కెపాసిటర్లు (కరెంటును కాస్త నిలవచేసే చిన్న డబ్బాలు) ఉబ్బి ఉంటాయి. మీటరు పెడితే ఖాళీగా ఉన్నప్పుడు 12 చూపిస్తుంది, డిస్కు బరువు మీద పడగానే 10కి జారుతుంది. పెట్టె లోగో వరకు వచ్చి ఆరిపోతుంది, మళ్లీ లోగో, మళ్లీ ఆరిపోవడం. ఫోనులో దీనికి పేరు "బాక్స్ పోయింది సార్". స్టిక్కరు మీదున్న వోల్టులే, ఆంపియర్లు అంతకు తగ్గకుండా, పిన్ను సైజూ ప్లస్సూ మైనస్సూ కుదిరేలా చూసి నెల్లూరులోనో ఒంగోలులోనో ఒక అడాప్టరు కొంటే పోయిన పెట్టె తిరిగొస్తుంది. అడాప్టరు లేకుండా కరెంటు నేరుగా పెట్టెలోకి వెళ్లే రకమైతే మాత్రం మూత తియ్యకండి, ప్లగ్గు పీకాక కూడా లోపలి పెద్ద కెపాసిటరులో మూడొందల వోల్టులు దాక్కుని ఉండొచ్చు. అది మెకానిక్ పని.

తర్వాత కేబుళ్లు. చాలా పాత రికార్డర్లకు డిష్ నుంచి రెండు కేబుళ్లు దిగుతాయి, ఒక ఛానల్ చూస్తూ ఇంకోటి రికార్డు చెయ్యాలంటే రెండు ట్యూనర్లు, అంటే పెట్టెలో ఛానల్ పట్టే భాగాలు, కావాలి గనక. రెండోది ఊడితే చూసే బొమ్మ దివ్యంగా వస్తుంది, రికార్డింగులు మాత్రం 'విఫలం' అని పడుతుంటాయి. "ఛానల్ వస్తోందా సార్?" అని అడుగుతారు. వస్తోందంటే ఫిర్యాదు మూసేస్తారు. పెట్టె ఆపి, రెండు కేబుళ్లనూ ఒకదాని చోట ఒకటి మార్చి బిగించండి. జబ్బు కేబులుతో పాటు రెండో వైపుకు పోతే తప్పు కేబులుది, లేదా పైన డిష్ ముందు సిగ్నల్ అందుకునే బుడిపె, ఎల్‌ఎన్‌బీది. కదలకుండా ఉన్నచోటే ఉంటే ట్యూనరు పోయింది.

కేబులు కొస విప్పి చూడటం కూడా నేరం కాదు. మధ్య తీగ కనెక్టరు అంచు దాటి రెండు మూడు మిల్లీమీటర్లు బయటికి ఉండాలి. చుట్టూ ఉండే అల్లిక తీగ జాలీలో పోగు ఒక్కటి దాన్ని తాకినా షార్టే, పెట్టె ఎల్‌ఎన్‌బీకి పంపే 13, 18 వోల్టులు పైకి వెళ్లవు. మైపాడు, కొత్తపట్నం వైపు ఉప్పుగాలికి ఆ తీగ మీద పచ్చటి చిలుము పడుతుంది. నవంబరు, డిసెంబరు తుఫాన్లలో నీళ్లు కేబులు లోపలే కిందికి దిగి పెట్టె దాకా వస్తాయి. అంత మేర కోసేసి కొత్త కనెక్టరు వేసి, పైన డిష్ దగ్గర కేబులును ఒక వంపు కిందికి వేలాడదీసి కడితే నీటిచుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. సిగ్నల్ పేజీలో స్ట్రెంగ్త్ నిండుగా ఉండి క్వాలిటీ అడుగంటితే డిష్ కదిలినట్టు. గాలికి బోల్టు వదులై కొద్దిగా పక్కకు పోయినా చాలు. గురి చూడాల్సింది దాదాపు 36 వేల కిలోమీటర్ల దూరం. (పక్కనే శ్రీహరికోట ఉంది కదా అని గర్వపడకండి. మన డిష్‌లు చూసే జీశాట్-15 వెళ్లింది 2015లో, జీశాట్-24 వెళ్లింది 2022లో, రెండూ ఫ్రెంచ్ గయానాలోని కౌరూ నుంచి.)

మార్చి నడుమ, సెప్టెంబరు చివర కొన్నాళ్లపాటు పట్టపగలు కొద్ది నిమిషాలు బొమ్మ పోతే ఏమీ ముట్టుకోవద్దు. సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వచ్చి నిలబడతాడు. ఈ ఒక్క సందర్భంలో మాత్రం ఆపి వెయ్యడం నూటికి నూరుపాళ్లు ఫలిస్తుంది, వేసేలోపు సూర్యుడు జరిగిపోతాడు.

ఇక అసలు సంగతి, డిస్కు. లైవ్‌ను ఆపి చూసే సదుపాయం కోసం పెట్టె వచ్చే బొమ్మనంతా డిస్కు మీద రాస్తూనే ఉంటుంది. చాలా పెట్టెల్లో రిమోట్‌తో ఆపినా డిస్కు తిరగడం ఆగదు. పైన కుట్టుపూల గుడ్డ, దానిమీద వినాయకుడి బొమ్మ, గాలాడే చిల్లులన్నీ మూత. రాస్తుండగా కరెంటు పోవడం వేసవిలో నిత్యకృత్యం. మెనూ నత్తనడక నడవడం, రికార్డింగు ఒకే చోట గళ్లుగళ్లుగా విరగడం, చివరికి లైవ్ కూడా బిగుసుకుపోవడం, ఇవన్నీ డిస్కు అరుగుదలే. కస్టమర్ కేర్ దీనికి బ్రహ్మాస్త్రం తీస్తుంది: "ఫ్యాక్టరీ రీసెట్ చేద్దాం సార్." చెడిన చోట్లు అలాగే ఉంటాయి, రికార్డింగులు మాత్రం తుడిచిపెట్టుకుపోతాయి. బారాషహీద్ దర్గా రొట్టెల పండగ వార్తల్లో స్వర్ణాల చెరువు నీళ్లలో రెండు సెకన్లు కనిపించిన మేనత్త కూడా అందులోనే ఉంది. ఒప్పుకునే ముందు ఆ రెండు సెకన్లను ఫోనుతో తెర మీంచే తీసి పెట్టుకోండి. వేరే దారి లేదు. రికార్డింగులకు వేసిన తాళం ఆ పెట్టెకూ అందులో దూర్చిన కంపెనీ కార్డుకూ ముడిపడి ఉంటుంది, డిస్కు పీకి కంప్యూటరుకు తగిలిస్తే అర్థం కాని చెత్త కనిపిస్తుంది.

ఫిర్యాదు చేసినప్పుడల్లా డాకెట్ నంబరు, అంటే ఫిర్యాదు నంబరు, అడిగి రాసుకోండి, టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2017 నాటి నిబంధనల ప్రకారం అది ఇచ్చి తీరాలి. ఇస్తారు కూడా. మర్నాడు ఆ నంబరు చదివి వినిపిస్తే అవతల శ్రద్ధగా విని, స్విచ్ ఆపి వేశారా అని అడుగుతారు. అక్కడా తేలకపోతే పైన ఫిర్యాదులు వినే కంపెనీ నోడల్ అధికారి ఉంటాడు.

ఆఖరున ఎక్స్‌ఛేంజ్ ఆఫర్ వస్తుంది. కొత్త పెట్టెలో డిస్కు ఉండదు. రికార్డింగు కావాలంటే మీ పెన్‌డ్రైవ్ మీరు తెచ్చుకోవాలి, దానికీ తాళమే. పాత పెట్టె మీ సొంతమైతే ఊరికే అప్పగించకండి. డిస్కు ఊడదీసి కంప్యూటర్లో ఆరోగ్యం చూడండి. రీఅలొకేటెడ్, పెండింగ్ సెక్టార్లు (చెడిన చోట్ల లెక్కా, చెడినట్టు అనుమానమున్న చోట్ల లెక్కా) రెండూ సున్నా ఉంటే ఫార్మాట్ చేసి సీసీటీవీ రికార్డరులో బిగించుకోవచ్చు. రాత్రీ పగలూ ఆగకుండా రాయడానికే పుట్టిన డిస్కు అది. ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటల గట్లమీద నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లకు కాపలా కాస్తూ ఇంకొన్నేళ్లు బతుకుతుంది, నెలనెలా ప్యాకు వేయించే పని కూడా ఉండదు.