ఒరిజినల్ గేమ్ సీడీ గారికి శ్రీకాకుళం నుంచి ఒక అర్జీ

మహారాజశ్రీ ఒరిజినల్ గేమ్ సీడీ గారి దివ్య సముఖానికి,

ఏడు రోడ్ల జంక్షన్ చుట్టుపక్కల నెట్ సెంటర్లలో చదువు చెడగొట్టుకున్న గుంటలందరి తరఫునా రాసుకుంటున్న విన్నపం.

విషయం: తమరు మా ఊరు ఎన్నడూ వేంచేయకపోవుట, అయినా ప్రతివారూ తమరి ఆచూకీ మమ్మల్నే అడుగుట గురించి.

అయ్యా,

తమర్ని కళ్లారా చూసినవాడు మా బ్యాచ్‌లో ఒక్కడూ లేడు. మేం ఎరిగిందల్లా తమరి వేలు విడిచిన తమ్ముణ్ణి. వెనక వైపు నీలంగా మెరిసే ఖాళీ సీడీ, ముందు వైపు మార్కర్ పెన్నుతో ‘వైస్ సిటీ + రోడ్ రాష్ + టైపింగ్’. మొదటి రెండూ గేములు, టైపింగ్ ఎందుకంటే ఇంట్లో అడిగితే చూపించడానికి. గీతలు పడి తిరగనని మొరాయిస్తే చొక్కా అంచుతో తుడిచేవాళ్లం, అప్పటికీ వినకపోతే టూత్‌పేస్ట్ రుద్దేవాళ్లం. నెట్ సెంటరాయన ఆ ఒక్క సీడీనే సిస్టమ్‌లన్నింటికీ ఎక్కించి, గోడ గడియారం చూస్తూ కూర్చునేవాడు. "ఒరే గుంటలూ, గంటయిపోనాది, లెగండి!"

ఆ తమ్ముడికి ఒక అవయవ లోపం ఉండేది. సైజు తగ్గించడానికి ఎవరో మహానుభావుడు వైస్ సిటీ గేమ్‌లో కార్లలో మోగాల్సిన రేడియో మొత్తం కోసి పారేశాడు. ఎంత ఖరీదైన కారెక్కినా చక్రాల చప్పుడే గానీ పాట వినపడేది కాదు. అంత డబ్బున్న ఊళ్లో కార్లకి టేప్ రికార్డర్లు లేవు కాబోలు, పాపం అనుకునేవాళ్లం.

ఇప్పుడీ పాత పురాణం ఎందుకంటే, లోకంలో కొందరు మంచివాళ్లు బయల్దేరారు. పాత గేమ్ కొత్త సిస్టమ్‌లో నడవడం మానేస్తే దాని ఇంజన్‌ని, అంటే గేమ్‌ని నడిపే ప్రోగ్రామ్‌ని, మొదటి నుంచీ తిరగరాసి, కోడ్ అంతా ఓపెన్ సోర్స్, ఎవరైనా చూసి వాడుకోవచ్చు అని ఊరి మీద పెడుతున్నారు. జీతం లేదు, బత్తెం లేదు. ఎగిరి గంతేసి ఇన్‌స్టాల్ చేస్తే మొట్టమొదటి ప్రశ్న: "ఒరిజినల్ గేమ్ ఫైళ్లు ఎక్కడ?" కోడ్ వాళ్ల కష్టమే గానీ బొమ్మలు, చప్పుళ్లు, మ్యాపులు కంపెనీ సొత్తు కదా. పొయ్యి ఉచితం, వంటమనిషి ఉచితం, బియ్యం మాత్రం మనమే తెచ్చుకోవాలి, అదీ సీలు విప్పని బస్తా.

ఈ ఆచారం కొత్తది కాదు. 1997 డిసెంబరులో డూమ్ అనే గేమ్ సోర్స్ కోడ్ బయటపెట్టినప్పుడూ ఇంతే: కోడ్ అందరిదీ, రాక్షసుల బొమ్మలున్న వాడ్ ఫైలు మాత్రం కొన్నవాడిది. తమరి కోసం తిరిగి తిరిగి విసిగినవాళ్లు కొందరు తెగించారు కూడా. ఓపెన్‌టీటీడీ (తిరుపతి టీటీడీ కాదు, రవాణా వ్యాపారం నడిపే ఒక గేమ్) వాళ్లు రైళ్లు, బస్సులు, చెట్లు సమస్తం సొంతంగా గీసుకుని, 2010లో 1.0 వెర్షన్ విడుదలయ్యే వేళకి తమరి అవసరమే లేకుండా చేసుకున్నారు. తమరికి కబురందిందో లేదో.

అంతెందుకు, ప్రిన్స్ ఆఫ్ పర్షియా గేమ్ రాసిన జోర్డాన్ మెక్నర్ గారికే తన 1989 నాటి సోర్స్ కోడ్ దొరకలేదు. 2012లో వాళ్ల నాన్నగారు పాత సామాను ఒక అట్టపెట్టెలో పెట్టి పంపిస్తే, అందులో ఆ డిస్కులు బయటపడ్డాయి. కన్నవాడి దగ్గరే లేనిది మా దగ్గరెక్కడిదండీ?

ఇక అసలు బాధకొస్తాను. మా వైస్ సిటీకీ, దాని అన్న జీటీఏ త్రీకీ కొందరు అభిమానులు కోడ్ మొత్తం విప్పి, చదివి, మళ్లీ రాశారు. గేమ్‌ని మాత్రం పంచలేదు. ఆడాలంటే ఒరిజినల్ ఉండాల్సిందేనని నిక్కచ్చిగా చెప్పారు. తమరి మీద ఇంత భక్తి నేనెక్కడా చూళ్లేదు. ప్రసాదం ఏమిటయ్యా అంటే, 2021 ఫిబ్రవరిలో ఆ గేముల యజమాని టేక్ టూ కంపెనీ నోటీసు, సెప్టెంబరులో కాలిఫోర్నియా కోర్టులో దావా. ఆపైన సొంతంగా కొత్త ముస్తాబు వెర్షన్ తెస్తున్నామని పాత గేముల్ని ఆన్‌లైన్ దుకాణాల్లోంచి తీసేశారు. నవంబరులో వచ్చిన ఆ ముస్తాబులో వానకి రోడ్డు కనపడలేదు, దుకాణాల బోర్డుల మీద అక్షరాలు తప్పు. చివరికి ఆ గేముల్ని విడుదల చేసే, టేక్ టూ వారి రాక్‌స్టార్ వాళ్లే క్షమాపణ చెప్పి, పాతవి మళ్లీ అమ్మకానికి పెడతామన్నారు.

ఈ కథంతా చెబితే నెట్ సెంటరాయన (ఇప్పుడాయనది జిరాక్స్, ఆధార్ ప్రింట్ల వ్యాపారం) లామినేషన్ మిషన్ ఆపి మరీ విన్నాడు. "అంటే బావూ, ఒరిజినల్ కొనుక్కోమన్నోడి మీద కేసు. ఒరిజినల్ అమ్మాల్సినోడు షాపు మూసీసినాడు. మరి మనవే నయం కాదేటి?" న్యాయశాస్త్రం చదవని మనిషి కాబట్టి నేను ఖండించాను. గట్టిగా మాత్రం కాదు.

ఇంకో మాట. పాటల లైసెన్సుల గొడవ వచ్చి ఆన్‌లైన్‌లో అమ్మే వైస్ సిటీలోంచి కొన్ని పాటలు తర్వాత తీసేశారు. మా సీడీవాడు ఆ పని ముందే చేసి పెట్టాడు కదా! వాణ్ణి దొంగ అన్నారు, వీళ్లని హక్కుదారులు అంటున్నారు. తమరి వంశం ఒక్కో పాటా పోగొట్టుకుంటూ మెల్లగా మా తమ్ముడి పోలికలోకి వస్తోంది, గమనించగలరు.

కనుక మా కోరిక చిన్నది. తమరు నిక్షేపంగా, అన్ని పాటలతో, న్యాయమైన ధరకి ఎక్కడో ఒకచోట దొరకండి. లేదంటే ఆ తిరగరాసేవాళ్ల జోలికి పోవద్దని తమరి యజమానులకి ఒక మాట చెప్పండి. తమరి పేరు ఇంకా నమ్మకంగా తలుచుకుంటున్నది వాళ్లొక్కరే.

ఇట్లు,
గంట లెక్కన డబ్బు కట్టినవాళ్లలో ఒకడు

తా.క.: రైల్లో వస్తే శ్రీకాకుళం రోడ్ అన్న బోర్డు చూసి దిగండి. దిగాక అది ఆమదాలవలస అని తెలుస్తుంది. కంగారు పడకండి, ఒరిజినల్ శ్రీకాకుళానికి ఆటోలుంటాయి.