రెండో దారి ఉంటే సరిపోతుందా?

"రింగు వేశాం, రెండో దారి ఉంది, లూప్ వచ్చినా టీటీఎల్ చూసుకుంటుంది" అనే మాట ఇంటర్వ్యూకు వచ్చిన కుర్రాళ్లు అంటే నాకు కోపం రాదు. పదేళ్ల అనుభవం ఉన్నవాళ్లు మీటింగులో అంటే మాత్రం ఒళ్లు మండుతుంది. లూప్ అంటే ప్యాకెట్లు గమ్యం చేరకుండా రౌటర్ల మధ్యే గిరగిరా తిరగడం; టీటీఎల్ అంటే రౌటర్ దాటిన ప్రతిసారీ ఒకటి తగ్గి, సున్నా కాగానే ప్యాకెట్‌ను పారేయించే అంకె. మేము వాడే ఎంపీఎల్ఎస్ పద్ధతిలో ప్యాకెట్ మీద అంటించే దారి గుర్తు, అంటే లేబుల్ ఎంట్రీలోని 32 బిట్లలో టీటీఎల్‌కు ఉన్నవి 8. అవి తిరిగి తిరిగి అలసిన ప్యాకెట్‌ను పారేయగలవే తప్ప, లూప్‌ను రాకుండా ఆపలేవు.

మా ఫైబర్ రింగు నెల్లూరు నుంచి కావలి, సింగరాయకొండ, ఒంగోలు వరకు హైవే పక్కనే వెళ్లి, పొదిలి, కనిగిరి, ఉదయగిరి, ఆత్మకూరు మీదుగా తిరిగి నెల్లూరు చేరుతుంది. ఒక రాత్రి కావలికి దక్షిణాన పొక్లెయిన్ ఫైబర్‌ను తెంపింది. తెగిన సంగతి ముందుగా తెలిసిన కావలి రౌటర్, నెల్లూరు వెళ్లవలసిన ప్యాకెట్లను సింగరాయకొండ వైపు తిప్పింది. అక్కడి పాత బాక్సు కొత్త దారి లెక్క ఇంకా పూర్తి చేయలేదు కాబట్టి, వాటికి పాత లేబులే తగిలించి మళ్లీ కావలికే పంపింది. మా సర్క్యూట్లలో (కస్టమర్లకు ఇచ్చే లైన్లలో) టీటీఎల్ 255తో మొదలవుతుంది కనుక, ఒక్కో ప్యాకెట్ ఆ రెండు ఊళ్ల మధ్య ఒక్కో దిశలో దాదాపు 125 సార్లు తిరిగింది. అంటే 100 మెగాబిట్ల ట్రాఫిక్ చిక్కుకున్నా 12 గిగాబిట్లకు పైగా అవుతుంది. మా లింకు 10 గిగాబిట్లది. నెల్లూరుతో ఏ సంబంధమూ లేని కావలి, ఒంగోలు కస్టమర్లు కూడా ఆ కొన్ని సెకన్లు నష్టపోయారు. టీటీఎల్ తన పని తాను చక్కగానే చేసింది!

ఇది కొత్తగా తెలిసిన సమస్యేమీ కాదు. లేబుల్ ఇవ్వడానికి ముందే రంగు దారం లాంటి గుర్తును ముందుకు పంపి, తన రంగు తన దగ్గరికే తిరిగివస్తే లూప్ ఉందని తేల్చుకునే పద్ధతి 2001లోనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రాల్లో ఒకటైన ఆర్‌ఎఫ్‌సీ 3063గా వచ్చింది, అదీ ప్రయోగ దశ పత్రంగానే. నేను పనిచేసిన చోట్ల దాన్ని ఎవరూ వాడలేదు. లింకు తెగగానే ప్యాకెట్లను లూప్ పడని దూరపు రౌటర్ దాకా దాటించే, ఇలాంటి రింగులకు పనికివచ్చే రిమోట్ ఎల్‌ఎఫ్‌ఏ 2015లో వచ్చింది. అది ఆన్ చేసి ఉంటే కావలి రౌటర్ ఆ ప్యాకెట్లను పైన మరో లేబుల్ వేసి నేరుగా కనిగిరికి పంపేది. అక్కడి నుంచి నెల్లూరుకు దగ్గరి దారి ఉదయగిరి వైపే కాబట్టి అలా పంపినంతసేపు అవి వెనక్కి వచ్చేవి కావు. మా బాక్సుల్లో ఆ సౌకర్యం ఉంది, ఆన్ చేసినవాళ్లే లేరు.

రెండో దారి ఫైబర్ తెగనప్పుడు కూడా ఇబ్బంది పెడుతుంది. లింకులన్నిటికీ ఒకే కాస్ట్ (రౌటర్లు దూరం లెక్కగట్టే అంకె) ఇచ్చాం కనుక కావలి నుంచి కనిగిరికి రెండు వైపులా సమాన దూరమే. అల్లూరు నుంచి కావలి మీదుగా కనిగిరికి సర్క్యూట్ తీసుకున్న ఒక కస్టమర్ ఫైళ్లు నత్తనడక నడుస్తున్నాయని నెల రోజులు మొత్తుకున్నాడు. మేము పింగ్ చేసి (చిన్న పరీక్ష ప్యాకెట్లు పంపి) అంతా బాగుందని నెల రోజులూ చెప్పాం. చివరికి క్యాప్చర్ తీస్తే, అంటే వెళ్లే ప్యాకెట్లనే పట్టి చూస్తే, అసలు సంగతి బయటపడింది. అతని రౌటర్ మ్యాక్ చిరునామా (హార్డ్‌వేర్ గుర్తింపు సంఖ్య) 4తో మొదలవుతుంది; ఐపీవీ4 ప్యాకెట్ మొదలయ్యేదీ 4తోనే. మధ్యలోని కావలి రౌటర్ లేబుళ్ల కింద మొదటి 4 బిట్లు చూసి, అది ఐపీవీ4 ప్యాకెట్ అని భ్రమపడింది. రెండు సమాన దారుల్లో ఏదో తేల్చుకోవడానికి ఐపీ చిరునామాలు అనుకుని అది చదివిన బైట్లలో నిజానికి ఉన్నవి లోపలి ప్యాకెట్ నిడివి, ఐడీ. అవి ప్యాకెట్ ప్యాకెట్‌కూ మారతాయి. దాంతో ఒకే ఫైలు ముక్కలు సగం ఒంగోలు వైపు, సగం నెల్లూరు వైపు వెళ్లి వరుస తప్పి చేరాయి. ఈ భ్రమను తప్పించడానికి లేబుళ్ల కింద చేర్చే, మొదటి 4 బిట్లూ సున్నాగా ఉండే కంట్రోల్ వర్డ్ 2006 నుంచే ఉంది. రెండు చివర్లా ఒక్కో లైను కాన్ఫిగరేషన్ రాస్తే పోయేది.

కొత్త సైట్ అప్పగించేటప్పుడు మేము నింపే ఫారంలో "రెండో దారి: ఉంది / లేదు" అనే గడి ఇప్పటికీ ఉంది. ఆ దారి మీద కంట్రోల్ వర్డ్ పెట్టారా, రిమోట్ ఎల్‌ఎఫ్‌ఏ ఆన్ చేశారా అని అడిగే గడులు చేర్చమని మూడుసార్లు మెయిల్ పెట్టాను. ఫారం పేజీ దాటిపోతుందట.