డార్వెన్‌ను ముంచింది గాంధీ కాదు

1931 సెప్టెంబరు 26 నాటి ఆ ఫొటో మీరు చూసే ఉంటారు. ఇంగ్లండ్‌లో లాంకషైర్ ప్రాంతపు నేత పట్నం డార్వెన్‌లో, గ్రీన్‌ఫీల్డ్ మిల్లు దగ్గర, తెల్ల శాలువా కప్పుకుని గాంధీ నిలబడి ఉంటారు. చుట్టూ మిల్లు ఆడవాళ్లు చేతులెత్తి కేరింతలు కొడుతుంటారు. విదేశీ వస్త్ర బహిష్కరణతో ఇక్కడివాళ్లు ఎంత నలిగిపోయారో కళ్లారా చూడమని కార్డర్ క్యాచ్‌పూల్ అనే క్వేకర్ (శాంతివాద క్రైస్తవ శాఖకు చెందినవాడు) పిలిస్తే, ఆయన ఊరి శివారు స్ప్రింగ్ వేల్‌కు వెళ్లారు. తమ పొట్ట కొట్టినవాడికే ఆ కార్మికులు జేజేలు పలికారని మనవాళ్లు మురిసిపోతుంటారు. పొట్ట కొట్టింది ఆయన కాదు.

లెక్క చూడండి. 1913లో లాంకషైర్ నుంచి మన దేశానికి దాదాపు 300 కోట్ల గజాల బట్ట వచ్చింది. 1929 నాటికే అది సగం కంటే కిందికి పడిపోయింది. బహిష్కరణకు ఊపు తెచ్చిన ఉప్పు సత్యాగ్రహం అప్పటికి మొదలే కాలేదు! మొదటి ప్రపంచ యుద్ధంలో సరుకు సరిగా రాకపోతే ఆ జాగాలోకి బొంబాయి, అహ్మదాబాద్ మిల్లులు, జపాన్ బట్ట దూరాయి. దిగుమతి సుంకాలూ పెరిగాయి. పక్కనున్న బ్లాక్‌బర్న్ మగ్గాల మీద నేసిందేమో మన ధోవతులు. మనం కొనకపోతే ఇంగ్లండ్‌లో వాటిని కట్టేదెవరు? డార్వెన్‌లో 1867లో పూర్తయిన మిల్లుకు పెట్టుకున్న పేరే ఇండియా మిల్. దాని 300 అడుగుల పొగగొట్టం ఇప్పటికీ నిలబడే ఉంది.

1930 తర్వాత బహిష్కరణ దెబ్బ గట్టిగానే తగిలింది, కాదనను. కానీ అది అప్పటికే మంచాన పడ్డ మనిషికి తగిలిన దెబ్బ. అసలు రోగం, ఊరంతా ఒకే గిరాకీని నమ్ముకోవడం.

తెలంగాణ నేత పట్నం సిరిసిల్లలో నాకు కనిపిస్తున్నదీ ఆ రోగమే. 2017 నుంచి సర్కారు ఇచ్చిన బతుకమ్మ చీరల ఆర్డర్లతో సాంచాలు (మరమగ్గాలు) ఆడాయి. ప్రభుత్వం మారి ఆర్డర్ లేకపోయేసరికి 2024 మొదట్లో ఆగిపోయాయి. తర్వాత మహిళా సంఘాల చీరల పని వచ్చింది. మంచిదే, కానీ కొనేది మళ్లీ ఆ ఒక్క సర్కారే. బయటి వ్యాపారులతో బేరాలు కుదర్చడం, కొత్త రకాలు నేర్పించడం సాంచాలు ఆడుతున్న ఈ రోజుల్లోనే జరగాలి. ఆర్డర్ ఆగాక మొదలుపెడదామంటే సాంచాలు నడిపే ఆసామి చేతిలో నూలుకు డబ్బులుండవు, కార్మికుడు పని వెతుక్కుంటూ మహారాష్ట్రలోని మరమగ్గాల ఊరు భివండీకి బస్సెక్కేసి ఉంటాడు.