పెంకుల మీది పన్ను, దిండు కింది డాలరు

మా చెల్లెలి కూతురు డాలస్‌లో ఒకటో తరగతి చదువుతోంది. కిందటేడు దాని కింది వరస ముందుపన్ను ఊడినప్పుడు, ఆ పన్నును చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి వీడియో కాల్‌లో మా అందరికీ చూపించింది. రాత్రి దిండు కింద పెట్టుకుని పడుకుంటే టూత్ ఫెయిరీ వచ్చి, పన్ను తీసుకుని డబ్బులు పెట్టి వెళుతుందని మా అమ్మకు ఓపిగ్గా వివరించింది. అంతా విన్న మా అమ్మ, "నిద్రపోతున్న పిల్ల తల కింద చెయ్యి పెట్టడమేమిటే! చక్కగా దాని చేత్తోనే ఇంటి మీదికి విసిరించక" అంది.

అప్పటికి నవ్వుకుని వదిలేశాం గానీ, ఆలోచించిన కొద్దీ రెండు ఆచారాల మధ్య ఉన్న అసలు తేడాను ఆమె ఒక్క ముక్కలో పట్టేసిందని నాకు అనిపిస్తోంది. ప్రవాసంలో పెరిగే మన పిల్లల గురించి మాట్లాడేటప్పుడు ఇటువంటి చోట రెండు వాదాలు వినిపిస్తాయి. మన సంప్రదాయం పోయి పరాయి వేలంవెర్రి వచ్చిపడిందనేది ఒకటి. పేడముద్దలో పన్ను పెట్టి విసిరే మూఢనమ్మకం కంటే ఆ ముద్దుల కథే నయమనేది రెండోది. పరాయిది అయినంత మాత్రాన ఆచారం చెడ్డదైపోదు, కథ ముద్దుగా ఉన్నంత మాత్రాన అందులోని మూఢత్వమూ తగ్గిపోదు. పన్ను ఊడిన రోజున పిల్ల ఏం చేస్తుంది, పెద్దలు ఏం చేస్తారు అని అడిగితే లెక్క వేరుగా తేలుతుంది.

ముందు ఈ ఫెయిరీ వయసు సంగతి చూద్దాం. పాశ్చాత్య దేశాల్లో అనాదిగా ఉన్న దేవతేమో అనుకుంటాం గానీ, అచ్చులో ఇప్పటివరకు దొరికిన తొలి జాడ 1908 సెప్టెంబరు నాటిది. షికాగో ట్రిబ్యూన్ పత్రికలో ఇంటి చిట్కాల శీర్షికలో లిలియన్ బ్రౌన్ అనే ఆమె, కదులుతున్న పన్నును తీయించుకోవడానికి మొరాయించే పిల్లలకు టూత్ ఫెయిరీ సంగతి చెబితే దారికి వస్తారని రాసింది. దిండు కింద పన్ను పెడితే రాత్రి ఆమె వచ్చి దాన్ని తీసుకుని, బదులుగా ఏదో చిన్న కానుక వదిలి వెళుతుందట. తల్లులు అయిదు సెంట్ల సరుకులు అమ్మే చోట నాలుగు వస్తువులు ముందే కొని దాచుకుంటే మంచిదట. గమనించవలసింది ఏమిటంటే, ఆ చిట్కాలో ఉన్నది కానుక, నగదు కాదు. మొండి పిల్లలను లొంగదీసుకోవడానికి పెద్దలకు దొరికిన ఉపాయంగానే ఫెయిరీ మనకు మొదట కనిపిస్తుంది. 1927లో ఎస్తర్ వాట్కిన్స్ ఆర్నాల్డ్ పిల్లల కోసం ఆ పేరుతోనే ఒక నాటిక రాసింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో మధ్యతరగతి చేతిలో డబ్బు ఆడడం, డిస్నీ సినిమాల్లోని రెక్కల దేవకన్యలు పిల్లల మనసుల్లో స్థిరపడడం ఒకేసారి జరిగాయి. అప్పుడు గానీ ఆమె ఇంటింటి దేవత కాలేదు.

ఆ తర్వాత కానుక నగదుగా మారిపోయింది. అమెరికాలో పళ్ల వైద్యానికి బీమా ఇచ్చే డెల్టా డెంటల్ సంస్థ 1998 నుంచి పన్నుకు పలుకుతున్న ధర మీద సర్వే చేస్తోంది. మొదటి ఏడాది సగటున 1.30 డాలర్లు ఉన్న ధర 2023 నాటికి 6.23 డాలర్లకు చేరింది. ఆ ధర స్టాక్ మార్కెట్ సూచీతో పాటు ఎలా పెరిగింది, ఎలా తగ్గిందీ కూడా ఆ సంస్థే పోల్చి చెబుతుంది. పాలపన్నుకు మార్కెట్ రేటు కట్టే పనిని పళ్ల బీమా వాళ్లే తలకెత్తుకోవడం కన్నా ఆ ఆచారం స్వభావాన్ని తెలిపే సాక్ష్యం వేరే అక్కర్లేదు.

ఈ ఫెయిరీ కంటే ఎలుక చాలా పాతది. ఫ్రాన్సులో ఇప్పటికీ పన్ను తీసుకుపోయేది బుల్లి ఎలుకే. స్పెయిన్‌లో ఎలుకకు పేరూ, చిరునామా కూడా ఉన్నాయి. బాలరాజు పదమూడో అల్ఫోన్సోకు ఎనిమిదేళ్ల వయసులో పన్ను ఊడితే, అతని తల్లి, రాజప్రతినిధిగా పాలిస్తున్న మరియా క్రిస్టీనా కోరిక మీద లూయిస్ కొలోమా అనే మతగురువు 1894 ప్రాంతంలో పెరెస్ అనే ఎలుక కథ రాశాడు. కథలో ఆ ఎలుక కుటుంబం మాడ్రిడ్‌లోని అరెనాల్ వీధి 8వ నంబరు ఇంట్లో, ఒక మిఠాయి దుకాణం నేలమాళిగలో బిస్కెట్ల డబ్బాలో కాపురం ఉంటుంది. 2003లో నగరపాలకులు ఆ భవనానికి ఫలకం కూడా పెట్టారు. కల్పిత పాత్ర నివాసానికి ఫలకం పెట్టించుకున్న ఎలుక మరొకటి లేదనుకుంటాను.

ఎలుకే ఎందుకు అన్నదానికి జవాబు దాని నోట్లోనే ఉంది. ఎలుక ముందుపళ్లు బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయి; అరగదీసుకోవడానికే అది దొరికినదల్లా కొరుకుతుంది. అటువంటి పళ్లు తమ పిల్లలకూ రావాలని ఎవరికైనా ఉంటుంది. పసిఫిక్ దీవుల్లోని రారొటొంగాలో పిల్లలు, పెద్దెలుకా చిన్నెలుకా నా పాత పన్ను తీసుకుని కొత్తది ఇవ్వమని అడిగి, పన్నును గడ్డి కప్పు మీదికి విసిరేవారని మానవశాస్త్రవేత్త జేమ్స్ ఫ్రేజర్ నమోదు చేశాడు. పాత గడ్డిలో ఎలుకలు గూడు కట్టుకుంటాయి కాబట్టి కప్పు మీదికి విసరడమంటే ఎలుక ఇంటి గుమ్మంలో పెట్టడమే. జర్మనీలో ఎముక పన్ను ఇచ్చి ఇనుప పన్ను అడిగేవారు. అరబ్బు దేశాల్లో ఎలుక బదులు సూర్యుడు. పన్ను అతనివైపు విసిరి మేలైనది ఇవ్వమంటారు. జపానులో కింది పన్ను కప్పు మీదికి, పై పన్ను ఇంటి నేల కిందికి. కొత్త పన్ను పాతదానివైపు పెరగాలి గనుక కింది పన్ను పైకీ, పై పన్ను కిందికీ చూడాలన్నది అక్కడి లెక్క, నాకైతే ఇందులో మంత్రం కంటే జామెట్రీ ఎక్కువ కనిపిస్తుంది.

మా ఊళ్లో మాకు జరిగింది కూడా ఇదే కుటుంబానికి చెందిన తంతు. ఊడిన పన్నును నీళ్లతో కడిగి, ఉసిరికాయంత ఆవు పేడ ముద్దలో గుచ్చి, పెంకుటింటి ముందు నిలబడి కప్పు మీదికి విసరాలి. విసిరాక వెనక్కి తిరిగి చూడకూడదు. పన్ను నేల మీద పడితే, దాన్ని ఎవరైనా తొక్కితే కొత్తది రాదని నాయనమ్మ భయపెట్టేది. పేడ శుద్ధి కోసమని ఆమె చెప్పేది గానీ, అందులో పనికొచ్చే తెలివి మరొకటి ఉందని పెద్దయ్యాక తెలిసింది. వాలుగా ఉన్న పెంకుల మీద ఒట్టి పన్ను నిలవదు, టకటకా దొర్లి చూరు దాటి మళ్లీ వాకిట్లోనే పడుతుంది. పేడముద్ద మాత్రం పడ్డ చోటే చప్పున అతుక్కుని, రెండు రోజుల్లో ఎండి పెంకులో పెంకైపోతుంది. ఇలాగే కొన్ని ఇళ్లలో పన్నును ఎలుక కన్నంలో వేస్తారు, కొన్ని ఇళ్లలో మట్టిలో పాతిపెడతారు. ఎక్కడ వేసినా వేసేది పిల్లల చెయ్యే.

ఈ ఆచారాల వెనక భయం లేదని నేను అనను. ఒంటి నుంచి విడిపోయినది ఒంటితో బంధం తెంచుకోదన్న నమ్మకం లోకమంతా ఉంది. వెంట్రుకలూ గోళ్లూ పరాయి చేతిలో పడితే చేతబడి చేస్తారని మన పల్లెల్లో ఎంత భయమో, పంటి విషయంలో ఇంగ్లండులో అంత భయం ఉండేది. పందుల తొట్టిలో తన పాలపన్నును తల్లి పొరపాటున పడేసినందువల్లే తనకు పై దవడలో పంది కోర వచ్చిందని ససెక్స్ ప్రాంతపు ముసలాయన ఒకడు బల్లగుద్ది చెప్పేవాడట. పన్ను ఊడడం సరే, రావడమూ మనకు భయమే. పసిబిడ్డకు పై పళ్లు ముందు వస్తే మేనమామకు గండమని మనవాళ్లు ఇప్పటికీ అంటారు. దీనికి చాలా పాత చుట్టరికం ఉంది. అథర్వవేదం 6వ కాండలోని 140వ సూక్తం తల్లినీ తండ్రినీ తినగోరే పులులుగా రెండు పళ్లను సంబోధించి, వడ్లు తినండి, యవలు తినండి, మినుములు, నువ్వులు తినండి, కన్నవాళ్లను మాత్రం హింసించకండని వేడుకుంటుంది. అప్పుడు కన్నవాళ్ల మీద ఉన్న గండం మేనమామ మీదికి ఎప్పుడు మారిందో గానీ, మేనమామలకు మన సమాజం అప్పగించిన భారాల్లో ఇదొకటి.

ఇక అసలు మాటకు వస్తాను. ఎలుకతోనైనా సూర్యుడితోనైనా పిల్లలు చేసుకునేది మారకం: పన్నుకు పన్ను. ఇచ్చినదే, మేలైన రూపంలో, తిరిగి రావాలని అడుగుతారు. ఆ కోరిక నెరవేరడం కూడా ఖాయం, ఎందుకంటే ఆరేళ్ల పిల్ల చిగురు కింద శాశ్వత దంతం అప్పటికే సిద్ధంగా ఉంటుంది. అది పైకి నెట్టుకొస్తూ ఉంటే పాలపంటి వేరు కొద్దికొద్దిగా కరిగిపోతుంది. అందుకే ఊడిన పన్నుకు వేరు ఉండదు, అడుగున చిన్న గుంట మాత్రం కనిపిస్తుంది. ప్రకృతి ఎలాగూ చేయబోయే పనిని అడిగి మరీ చేయించుకున్నట్టు పిల్లలకు అనిపించేలా చేయడంలోనే ఆ తంతు గొప్పతనం ఉంది. ఫెయిరీ దగ్గర జరిగేది అమ్మకం. పన్ను పోతుంది, డబ్బు వస్తుంది, కొత్త పన్ను ఊసు ఎక్కడా రాదు. ఆ అమ్మకం కూడా అమ్మేవారు నిద్రలో ఉండగా జరుగుతుంది. పని చేసేది తల్లిదండ్రులు, అదీ చీకట్లో, అడుగుల చప్పుడు లేకుండా, రేపు అబద్ధం చెప్పడానికి సిద్ధపడి. పెంకుల మీదికి విసిరిన పిల్లను ఎవరూ మోసం చేయలేదు. ఎలుక వస్తుందని నమ్మినా నమ్మకపోయినా తన చెయ్యి చేసిన పని తనకు తెలుసు.

ఫెయిరీ పక్షాన చెప్పవలసిన మాట కూడా ఉంది. మన ఇళ్లలో పాలపళ్లంటే అలుసు. ఎలాగూ ఊడిపోయేవే కదా అని పుచ్చిన పాలపన్నును పట్టించుకోని తల్లిదండ్రులు చదువుకున్నవాళ్లలోనూ కనిపిస్తారు. మొత్తం 20 పాలపళ్లలో దవడ పళ్లు పిల్లలకు పది నుంచి పన్నెండేళ్లు వచ్చేదాకా ఉండాలి. అవి ముందే పోతే పక్కపళ్లు ఆ ఖాళీలోకి జరిగి, శాశ్వత దంతాలు వంకరటింకరగా వస్తాయి. శుభ్రమైన పన్నుకు ఫెయిరీ ఎక్కువ ఇస్తుందని చెప్పి రెండు పూటలా బ్రష్ చేయించే అమెరికా తల్లి ఈ ఒక్క విషయంలో మా నాయనమ్మ కంటే మెరుగు. అయితే ఒకే తరగతిలో ఒక పిల్లకు డాలరు, పక్క పిల్లకు 20 డాలర్లు పెట్టిన ఫెయిరీ ఒకరే ఎలా అవుతుందన్న ప్రశ్నకు ఆ తల్లి దగ్గర జవాబు ఉండదు. పేడముద్దకు ఈ చిక్కు లేదు.

పిల్లలను నిద్రపుచ్చకుండా పన్నుకు విలువ ఇవ్వవచ్చని అదే అమెరికా ఒకసారి చూపించింది. 1950లలో అణ్వస్త్ర పరీక్షల ధూళిలోని స్ట్రాన్షియం-90 పచ్చికకూ, ఆవులకూ, పాలకూ, ఆ పాలు తాగిన పిల్లల ఎముకలకూ పాకుతోందన్న అనుమానం కలిగింది. కాల్షియంను పోలిన ఆ పదార్థం పాలపళ్లలోనూ చేరుతుంది. 1958లో సెయింట్ లూయిస్ నగరంలో పౌరులూ శాస్త్రవేత్తలూ కలిసి పాలపళ్ల సేకరణ మొదలుపెట్టారు. తొలి ఏళ్లలో దాన్ని నడిపింది లూయీస్ రైస్ అనే వైద్యురాలు. పన్ను పంపిన ప్రతి పిల్లకూ, తన పన్నును సైన్సుకు ఇచ్చానని రాసి ఉన్న బిళ్ల ఒకటి చొక్కాకు పెట్టుకోవడానికి పంపేవారు. 1970 నాటికి దాదాపు 3,20,000 పళ్లు పోగయ్యాయి. 1950లో పుట్టిన పిల్లల కంటే 1963లో పుట్టిన పిల్లల పళ్లలో స్ట్రాన్షియం-90 దాదాపు 50 రెట్లు ఎక్కువ ఉన్నట్టు తేలింది. ఆరుబయట అణుపరీక్షలను నిషేధించిన 1963 ఒప్పందం మీద జరిగిన చర్చలో ఈ సేకరణ తొలి ఫలితాలూ అమెరికా సెనేట్ ముందుకు వెళ్లాయి. తన పన్నును ఎవరికి, ఎందుకు ఇస్తున్నదో తెలిసి, తన చేత్తో కవరులో పెట్టి పంపిన పిల్లకు ఫెయిరీ అవసరం రాలేదు.

మన దగ్గర ఈ తంతు సన్నగిల్లడానికి ఫెయిరీని తప్పుపట్టడం నాకు సబబుగా తోచదు. ముందు పోయింది పెంకులు. నాలుగో అంతస్తు ఫ్లాట్‌లో కప్పు అంటే పై అంతస్తువాళ్ల నేల. పేడ కావాలంటే పాలవాడిని బతిమాలాలి. విసరడానికి చోటు లేనప్పుడు దిండు దగ్గరగా కనిపించడం సహజం.

ఈ వేసవిలో విజయవాడ వచ్చినప్పుడు మా మేనకోడలికి పై ముందుపన్ను ఊడింది. జపాను లెక్క నేను చెప్పాను, ఎలుక సంగతి మా అమ్మ చెప్పింది. రెండూ విని, బాల్కనీలోని బంతి కుండీలో చెంచాతో వేలెడు గుంట తానే తవ్వి, పన్ను వేసి, మట్టి కప్పి, చేతులు దులుపుకుంది. డబ్బు అడగలేదు. తిరిగి వెళ్లిన రెండు నెలలకు వీడియో కాల్‌లో పెదవి పైకెత్తి కొత్త పన్ను చూపించింది. కొత్తగా వచ్చే ముందుపళ్ల అంచు రంపంలా మూడు చిన్న గుబ్బలతో ఉంటుంది, వాడకంలో అరిగి సాపు అవుతుంది. దానికి ఆ సంగతి తెలియదు. గోరుతో ఆ గుబ్బలను తడిమి చూసుకుంటూ, "అమ్మమ్మా, ఇది ఎలుకదేనంటావా?" అని అడిగింది. మా అమ్మ కళ్లజోడు పెట్టుకుని, ఫోను ముఖం దగ్గరకు తీసుకుని చూడడం మొదలుపెట్టింది.