టాగూర్‌తో పోట్లాడనివాడే దూరం పోయాడు

మనకు బెంగాలీ సాహిత్యం అంటే రెండు అరలు. ఒక అరలో శరత్, రెండో అరలో టాగూర్. చక్రపాణి అనువాదాల పుణ్యమా అని శరత్‌బాబును తెలుగువాడే అనుకున్నవాళ్లున్నారు. చలం గీతాంజలి సరేసరి. అయితే శరత్, టాగూర్ ఇద్దరూ బతికుండగానే కలకత్తాలో కొందరు కుర్రాళ్లు టాగూర్ నీడలోంచి బయటపడే దారి కోసం కిందా మీదా పడ్డారు. ఆ కథ మన దాకా పెద్దగా రాలేదు.

ఆధునికత అనగానే సంప్రదాయం మీద తిరుగుబాటు అనేస్తాం. బెంగాల్లో తిరగబడాల్సింది ఒక మనిషి మీద. 1923లో దినేశ్ రంజన్ దాస్, గోకుల్ చంద్ర నాగ్ కలిసి ‘కల్లోల్’ పత్రిక పెట్టేనాటికి టాగూర్‌కు నోబెల్ వచ్చి పదేళ్లు. పాట, కథ, నవల, నాటకం, ఏది ముట్టుకున్నా అందులో ఆయన అడుగులు ముందే పడి ఉన్నాయి. పైగా ఆయన ఆగడం లేదు. అరవై దాటాక కూడా కుర్రాళ్ల కంటే ఎక్కువ రాస్తున్నాడు!

ఏడాది ముందే కవి నజ్రుల్ ఇస్లాం ‘విద్రోహి’ గీతం అచ్చయి ఊరంతా మోగింది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసింది కానీ డిగ్రీ చేతిలో ఉన్నా ఉద్యోగం లేదు. కలకత్తా మెస్సుల్లో ఇరుకు గదులు, పస్తులు. కల్లోల్ వర్గం ఈ బతుకును కథల్లోకి తెచ్చింది. శైలజానంద ముఖోపాధ్యాయ్ బొగ్గు గని కూలీలను రాశాడు. పద్దెనిమిదేళ్లు నిండని బుద్ధదేవ బసు 1926లో రాసిన ఒక కథ మీద బూతు అని గగ్గోలు లేచింది. ‘శనివారపు ఉత్తరం’ అనే అర్థం వచ్చే పేరున్న పత్రిక ఒకటి వీళ్లను వెక్కిరించడమే పనిగా పెట్టుకుంది. టాగూర్ దారికి అడ్డంగా కూర్చుంటే కూర్చోనీ, నా దీపం నేను వెలిగించుకుంటా అనే ధోరణిలో అచింత్య కుమార్ సేన్‌గుప్తా ఏకంగా కవితే కట్టాడు.

ఇదంతా బాగానే ఉంది. కానీ నా మటుకు నాకు కల్లోల్‌లో చప్పుడు ఎక్కువ, కొత్తదనం తక్కువ అనిపిస్తుంది. వస్తువు మారింది, వాక్యం మారలేదు. తిట్టేవాడి గొంతులో కూడా టాగూర్ లయే పలికేది.

ఆ సంగతి అందరికంటే బాగా పట్టుకున్నది టాగూరే. 1928లో ‘ప్రబాసి’ పత్రికలో ధారావాహికగా మొదలైన ‘శేషేర్ కవిత’ నవలలో అమిత్ రే అనే కుర్రాడుంటాడు. రవి ఠాకూర్ (అంటే టాగూరే) ఇంకా రాస్తూ పోవడం అన్యాయమని, కవులకు ఐదేళ్లు చాలని సభలో వాదిస్తాడు. ఆయన రాత గులాబీలా గుండ్రంగా ఉంటుంది, మాకు ముల్లులా, బల్లెంలా నిటారైన రాత కావాలంటాడు. తనను తిట్టే పాత్రను తనే సృష్టించి, ఆ తిట్లు తిట్టేవాళ్ల కంటే అందంగా రాసిపెట్టాడు ముసలాయన. ఇక ఏం పోట్లాడతారు? తరవాత ఇంగ్లీషు ఆధునిక కవి ఎలియట్ కవితను బెంగాలీలోకి తెచ్చి తన వచన కవితల సంపుటిలో వేసుకున్నాడు కూడా.

తిరుగుబాటుదారులకీ ఆయనకీ మధ్య దూరం కూడా తక్కువే. టాగూర్ తరవాతి తరంలో పంచపాండవులనిపించుకున్న ఐదుగురు కవుల్లో అమియ చక్రవర్తి ఆయన దగ్గర సెక్రటరీగా చేసినవాడు. ‘పరిచయ్’ పత్రిక పెట్టిన సుధీంద్రనాథ్ దత్తా 1929 విదేశీ యాత్రలో ఆయన వెంట వెళ్లినవాడు. ఇది సగం ఇంటి గొడవ.

ఆ ఐదుగురిలో ఈ గోలలో చేరనివాడు జీవనానంద దాస్. తూర్పు బెంగాల్లోని బరిశాల్‌లో పుట్టిన ఇంగ్లీషు మేష్టారు, సభలంటే బెదురు. భాష మీద ఎందుకింత బలప్రయోగం అని టాగూర్ ఒక ఉత్తరంలో ఆయన్ను మందలించాడు. ఆ ‘బలప్రయోగం’ ఏమిటో ‘వనలతా సేన్’ కవితలో చూడొచ్చు. వేల ఏళ్లుగా నడుస్తున్నానంటాడు. సింహళ సముద్రం, మలయ సాగరం, బింబిసారుడి లోకం, విదర్భ. ఆ మొదటి వాక్యంలోని క్రియ గ్రాంథికం. ఇంత దూరం నడిచాక శాంతి ఎవరి దగ్గర దొరికింది? దేవత దగ్గరా, రాణి దగ్గరా? నాటోర్ అనే చిన్న ఊళ్లో, ఇంటిపేరుతో సహా ఉన్న ఒక మామూలు అమ్మాయి దగ్గర. మన మాటల్లో, శ్రావస్తి దాకా నడిచి తణుకులో ఆగినట్టు. ఆమె జుట్టు విదిశా నగరపు రాత్రి. పక్షి గూడు లాంటి కళ్లెత్తి అడుగుతుంది: “ఇన్నాళ్లూ ఎక్కడున్నారు?” మూలంలోనూ ‘మీరు’ అనే మర్యాదే. ప్రియురాలి ఊపిరి లేదు, అప్పుడే పరిచయమైన మనిషి గౌరవం ఉంది. ఆ ఒక్క మర్యాద ప్రత్యయంతో కవిత రెండువేల ఏళ్ల చరిత్రలోంచి మధ్యతరగతి గదిలోకి వచ్చి పడుతుంది. టాగూర్‌ను తిట్టలేదు, దాటేశాడు.

దాదాపు అదే కాలంలో మన దగ్గర శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’ గీతాలు రాస్తున్నాడు. మనకు ఆధునికత కేకలా వచ్చింది. వాళ్లకు గొణుగుడులా వచ్చింది. రెంటినీ పక్కపక్కన పెట్టి చదివినవాళ్లు మనలో తక్కువే.

ఆ గొణుగుడు వినిపించడానికి ఒక ఎడిటర్ కావాల్సి వచ్చింది. ఒకప్పుడు బూతు రాతగాడనిపించుకున్న బుద్ధదేవ బసు 1935లో ‘కవిత’ అనే పత్రిక మొదలుపెట్టాడు. కేవలం కవిత్వం కోసం. ‘వనలతా సేన్’ అందులోనే వచ్చింది. కల్లోల్ చేసిన హడావుడి కంటే ఈ పత్రిక ఓపికే బెంగాలీ కవిత్వాన్ని ఎక్కువ మార్చిందని నా నమ్మకం. వచనంలో ఆ పని మాణిక్ బంద్యోపాధ్యాయ్ చేశాడు, 1936లో వచ్చిన ‘పద్మా నదీర్ మాఝి’ నవలతో. అది మరో వ్యాసానికి సరిపడే సంగతి.

1954 అక్టోబర్ 14 సాయంత్రం కలకత్తా రాస్‌బిహారీ అవెన్యూలో జీవనానందను ట్రామ్ గుద్దింది. 22న పోయాడు. మరుసటి ఏడాది కేంద్ర సాహిత్య అకాడమీ తొలి బెంగాలీ బహుమతి ఆయన కవితా సంపుటికి ఇచ్చింది. ఆ ఏడు తొలి తెలుగు బహుమతి అందుకున్న సురవరం ప్రతాపరెడ్డి కూడా అప్పటికి లేరు. జీవనానంద ఇంట్లో ట్రంకు పెట్టెలు తెరిస్తే నోటు పుస్తకాలు బయటపడ్డాయి. వాటిలో డజనుకు పైగా నవలలు. బతికుండగా ఒక్కటీ అచ్చుకివ్వలేదు.