"సరిగ్గా కూర్చో" అంటే సరిపోతుందా?

పన్నెండేళ్ల పాప వీపు గురించి ఒక అక్కా తమ్ముడూ పడిన వాదన ఇది. పాప తమ్ముడి కూతురు. నేను ఎవరి వైపో చదువుతుంటే తెలిసిపోతుంది, దాచడం లేదు. కానీ తమ్ముడు అన్నవాటిలో నిజాలున్నాయి, వాటిని తీసెయ్యలేదు.

తమ్ముడు: అక్కా, రాగానే మొదలుపెట్టకు. రోజంతా ఫోన్ మీద వంగిపోయి ఉంటుంది, మంచం మీద బోర్లా పడుకుని చదువుతుంది, వీపు అలా కాక ఇంకెలా ఉంటుంది? నిటారుగా కూర్చోమని రోజుకి పదిసార్లు చెప్తున్నా. వీపుకి కట్టుకునే బెల్టు కూడా కొన్నాను.

అక్క: చెప్పగానే కూర్చుంటోందా?

తమ్ముడు: కూర్చుంటుంది, రెండు నిమిషాలు.

అక్క: ఆ రెండు నిమిషాల్లో భుజాలు రెండూ సమంగా ఉంటున్నాయా?

తమ్ముడు: అంత కొలతలేసి ఎవరు చూస్తారు!

అక్క: నేను చూశాను రా. పొద్దున జడ వేస్తుంటే కుడివైపు రెక్క ఎముక ఎడమదానికన్నా బయటికి పొడుచుకొచ్చి కనపడింది. సరే, వంకరగా నిలబడిందేమో అనుకున్నా. కింద పడ్డ రిబ్బను తీద్దామని వంగింది, అప్పుడు వీపు కుడివైపు ఎత్తుగా లేచింది, ఎడమవైపు పల్లంగా ఉంది. నువ్వు తిడుతున్నది గూని పడి కూర్చోవడాన్ని, అది ముందుకి వంగడం. స్కోలియోసిస్ అలా కాదు, వెన్నెముక పక్కకి వంగుతుంది, వంగుతూ మెలి తిరుగుతుంది, దాంతోపాటే పక్కటెముకలూ తిరుగుతాయి. అందుకే వంగినప్పుడు ఒకవైపు మూపురంలా లేస్తుంది. అలవాటు వల్ల పక్కకి ఒరిగిన వీపైతే వంగినప్పుడో పడుకున్నప్పుడో సమం అయిపోతుంది, మెలి తిరిగిన వీపు అవ్వదు. ఒక కాలు కాస్త పొట్టిగా ఉన్నా నడుము ఒరుగుతుంది, కానీ అది కూర్చుంటే సర్దుకుంటుంది. ఇదంతా మనమే చూడొచ్చు. పాదాలు దగ్గరగా పెట్టి, మోకాళ్లు మడవకుండా, అరచేతులు జోడించి మెల్లగా వంగమనాలి, వెనకనుంచి మన కళ్లు వీపు ఎత్తుకి దించి చూడాలి. డాక్టర్లు ఆడమ్స్ పరీక్ష అనేది దీన్నే.

తమ్ముడు: నొప్పి ఉందా అని అడిగా. లేదంది.

అక్క: పిల్లల్లో చాలామందికి నొప్పి ఉండదు. అందుకే ఇళ్లల్లో కనిపెట్టరు. రాత్రి నిద్రలోంచి లేపే నొప్పి వచ్చినా, కాళ్లు తిమ్మిరెక్కినా, బలం తగ్గినా, మూత్రం మీద పట్టు తప్పినా అప్పుడిక ఆగకూడదు, దాని కారణం వేరే ఉండొచ్చు.

తమ్ముడు: పుస్తకాల సంచి ఒక్క భుజానికే వేలాడేసుకుంటుంది. నాకు దాని మీదే అనుమానం.

అక్క: సంచి బరువుకి భుజం నొప్పి వస్తుంది, ఇది రాదు. పదిమందిలో ఎనిమిదిమందికి కారణమే తెలియదు. కొన్ని కుటుంబాల్లో ఎక్కువ కనపడుతుంది.

తమ్ముడు: కుటుంబం అంటున్నావు కాబట్టి, అమ్మకీ గూని ఉండేదిగా?

అక్క: అమ్మది వేరు. ఎముకలు గుల్లబారి వెన్నుపూసలు అణిగిపోయాయి. వయసు కదా అని అందరం వదిలేశాం.

తమ్ముడు: అందరం అనకు. దగ్గరుండి చూసుకుంది నేను. నువ్వు ఏడాదికోసారి వచ్చేదానివి.

అక్క: చూసుకున్నావు, కాదనను. కానీ అమ్మ ఎత్తు తగ్గుతోందిరా అని ఫోన్లో చెప్తే, "నీకు అన్నీ జబ్బుల్లాగే కనపడతాయి" అన్నావు. గుర్తుందా?

తమ్ముడు: అదిప్పుడెందుకు?

అక్క: ఇందాక నీ మొహంలో మళ్లీ అదే మాట కనపడింది కాబట్టి.

తమ్ముడు: సరే, నా మాటా విను. రేపు తీసుకెళ్తాం. ఎక్స్‌రే అంటారు, ఆరు నెలలకి మళ్లీ అంటారు. ఎదిగే పిల్లకి అంత రేడియేషన్. అప్పుడు బ్రేస్ అంటారు, ఈ వయసులో ఛాతీ చుట్టూ ప్లాస్టిక్ చట్రం వేసుకుని క్లాసుకి వెళ్లాలంటే దాని మనసు ఏమవుతుంది? అమెరికాలో నిపుణుల బృందం 2018లో, లక్షణాలేవీ లేని పిల్లలందరికీ స్కోలియోసిస్ ఉందేమోనని పరీక్ష చెయ్యాలా వద్దా తేల్చడానికి ఆధారాలు చాలవంది. బ్రేస్ మీద 2013లో వచ్చిన పెద్ద పరిశోధన కూడా చదివాను. వేసుకున్నవాళ్లలో 72 శాతం మందికి ఎదుగుదల పూర్తయ్యేదాకా వంపు 50 డిగ్రీలకి చేరలేదు. బాగుంది. కానీ ఊరికే గమనిస్తూ ఉన్నవాళ్లలో కూడా 48 శాతం మందికి చేరలేదు! అంటే దాదాపు సగం మంది పిల్లలు అవసరం లేకుండానే ఆ చట్రం మోసినట్టే కదా.

అక్క: నిజమే. నా దగ్గర దీనికి పూర్తి జవాబు లేదు, ఆ సగం ఎవరో ముందే ఎవరూ చెప్పలేరు. కానీ నువ్వు తీసుకెళ్లిన రోజే బ్రేస్ వెయ్యరు కదా. నిలబెట్టి ఎక్స్‌రే తీసి కోణం కొలుస్తారు. 10 డిగ్రీలు దాటితేనే స్కోలియోసిస్ అంటారు, చిన్న వంపులైతే కొన్ని నెలలకోసారి చూస్తారు, అంతే. చాలామంది కథ అక్కడే ఆగిపోతుంది. ఇంకా ఎదుగుతున్న పిల్లకి 25 దాటితే బ్రేస్ మాట వస్తుంది, 45, 50 దగ్గర ఆపరేషన్ మాట. ఎక్స్‌రే వెనకనుంచి తీయమని అడుగు, ఛాతీకి రేడియేషన్ తగ్గుతుంది. ఇక 2018 మాట అంటావా, అది ఏ గుర్తూ లేని పిల్లల గురించి, మనకి గుర్తు కనపడింది. ఇది ఇంకా పెద్దమనిషి కాలేదు, గబగబా ఎదిగే వయసు, వంపు పెరిగేదీ ఇప్పుడే. ఎదుగుదల ఆగాక బ్రేస్‌తో ఆ వంపుని అడ్డుకునే అవకాశం ఉండదు. పోనీ డాక్టరు చూసి ఇది ఉత్త అలవాటే అంటే మంచిదే, ఫిజియోథెరపిస్ట్ వ్యాయామాలు నేర్పిస్తారు, వీపు బలపడుతుంది.

తమ్ముడు: మరి ఆ బెల్టు?

అక్క: మెలికని అది తిప్పలేదు. డాక్టరు కొలతలు తీయించి చేయించే బ్రేస్ వేరు, ఇది వేరు. అంతకన్నా నాకు బాధేమిటంటే, నిజంగా వెన్ను వంగి ఉంటే, నువ్వు ఇన్ని నెలలుగా దాని చేతిలో లేని దానికి దాన్ని తిడుతున్నావు. అదేమో తన తప్పే అనుకుంటోంది. జడ వేస్తుంటే "అత్తా, నేను సరిగ్గానే నిలబడ్డానా?" అని మూడుసార్లు అడిగింది.

తమ్ముడు: నన్నెప్పుడూ అలా అడగలేదు.

అక్క: నిన్నెలా అడుగుతుంది రా.

తమ్ముడు: సోమవారం ఆర్థోపెడిక్ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తా, పిల్లల వెన్నెముక చూసేవాళ్లెవరో కనుక్కుంటా. కానీ అక్కా, ఈలోగా వంగి చూపించమని నువ్వే అడుగు, నేను పక్కనుండి చూస్తా. నేనడిగితే మళ్లీ తిట్టడానికే అనుకుంటుంది.