పీడీఐ కాగితం మీది టిక్కు మార్కు గారికి

మహారాజశ్రీ టిక్కు మార్కు గారి దివ్యసముఖమునకు,

టెక్సాస్ రాష్ట్రం, ఫ్రిస్కో వాస్తవ్యుడు అనేక నమస్కారములు చేసి వ్రాసుకొను విన్నపము. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం, ట్రక్కు వెనక తగిలించి లాగే మా కొత్త బండి ఇల్లు, అదే మా ట్రైలర్, తప్ప. మీరు మాత్రం పీడీఐ కాగితం మీద, అంటే డెలివరీకి ముందు అన్నీ పరీక్షించామని డీలరు టిక్కులు పెట్టి ఇచ్చే జాబితా మీద, చెక్కుచెదరకుండా ఉన్నారని ఈ సాయంత్రమే కళ్ళారా చూసుకున్నాను.

దర్శనం చేయించింది సర్వీస్ కౌంటర్ అమ్మాయి. పాపం, మంచి పిల్ల. లంచ్ వేళకి వెళ్ళిన నన్ను కాఫీ మెషీన్ పక్కన కూర్చోబెట్టింది. ఎండ వాలాక పిలిచి, ఫైలు తెరిచి, కాగితం నా వైపు తిప్పి, సరిగ్గా మీ మీద గోరు పెట్టింది. "వాటర్ లైన్లు ప్రెషర్ టెస్ట్ చేసే ఇచ్చాం సర్. ఇదిగో టిక్కు. డెలివరీ రోజు లీకు లేదని రికార్డులో ఉంది కాబట్టి, ఆ తర్వాత మీ వాడకంలో వచ్చిందేమో అని తయారీదారులు అడుగుతున్నారు. వాళ్ళు ఒప్పుకునేదాకా మేం ఫ్లోర్ విప్పలేం."

అయ్యా, అబద్ధం ఆడితే ఆడారు. సాక్ష్యానికి కూడా వస్తారా?

మీరు నాకు కొత్తవారేం కాదులెండి. ఇంటర్లో ఫిజిక్స్ రికార్డు మీద మీతో పరిచయం. సింపుల్ పెండ్యులమ్ ఊపకుండానే రీడింగులు పడేవి, చదవకుండానే ఎర్ర ఇంకుతో మీరు పడేవారు. అక్కడ ఎవరికీ నష్టం లేదు, 9.8 ఎవరు కొలిచినా కొలవకపోయినా 9.8గానే ఉంది. ఇక్కడ నేను 15 ఏళ్ళ లోను తీసుకున్నాను.

ఇంటికొచ్చి ఆ కాగితాన్ని డైనింగ్ టేబుల్ మీద పరిచాను. ట్యూబ్‌లైట్ కింద చూస్తే మీ వైభవం తెలుస్తోంది. మొదటి గడి నుంచి చివరి గడి దాకా మీరంతా ఒకే వాలు, ఒకే పొడవు, ఒకే పెన్ను. మధ్యలో ఎక్కడా చెయ్యి ఆగలేదు. రూఫ్ ఎక్కి సీలెంట్ చూసినవాడు కిందికి దిగి పెన్ను పట్టుకుంటే రాత కాస్తయినా మారదా? చేతికి దుమ్ము అంటదా? తోకలు ఒకదాన్నొకటి తాకుతూ బారుగా దిగాయి. కూర్చున్న కుర్చీలోంచి లేవకుండా, ఒక్క ఊపిరిలో పెట్టిన పెళ్ళి ముగ్గులా ఉంది.

చిన్నా చితకా సంగతులు ముందు చెప్పేస్తాను, అవి నేను క్షమించేశాను.

చక్రాల నట్లు సరైన టార్క్‌కి బిగించాం, టిక్కు. మొదటి 50 మైళ్ళలోపే మళ్ళీ చూసుకోమని మాన్యువల్లో ఉంటే దారిలో పెట్రోలు బంకు దగ్గర ఆపి రెంచ్ పెట్టాను. తిరుగుతుంది, తిరుగుతుంది, తిరుగుతూనే ఉంది. ఆ నాలుగు చక్రాల దగ్గరా అంతకు ముందు నడుం వంచిన మనిషి వాహన పూజ చేసిన మా పూజారి గారు ఒక్కరే. ఆయన బొట్టు పెట్టాడు, టిక్కు పెట్టలేదు.

ట్యాంకుల మానిటర్ పనిచేస్తోంది, టిక్కు. ఇంకా ఎవరూ గడప తొక్కని ట్రైలర్లో బ్లాక్ ట్యాంకు, అంటే టాయిలెట్ తొట్టి, మూడింట రెండొంతులు నిండిందని లైట్లు వెలిగాయి. ఎవరిదండీ అది?

హిచ్, అంటే ట్రైలర్‌ని ట్రక్కుకి తగిలించే లంకె, మీ ట్రక్కుకి తగినట్టు అమర్చాం, టిక్కు. ఖాళీ ట్రైలర్‌కి అమర్చారు. ఖాళీ ట్రైలర్‌తో ఊళ్ళు తిరిగేవాడు ఎవడు? "మీ హాఫ్ టన్ను ట్రక్కు దీన్ని హాయిగా లాగేస్తుంది సర్" అన్న పెద్దమనిషి డ్రైవర్ తలుపు తీసి అక్కడి పసుపు స్టిక్కర్ వైపు ఒక్కసారి చూసి ఉండాలి. మనుషులూ సామానూ కలిపి 1,450 పౌండ్లు మించకూడదని అందులో రాసుంది. సామాను సర్దాక ట్రైలర్ 6,500 పౌండ్లు. దానిలో నూటికి 13 వంతులు హిచ్ మీద వాలితే 845. హిచ్ సామగ్రి ఇంకో వంద. మిగిలిన 505 పౌండ్లలో నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, మా అమ్మ, అమ్మ ఆవకాయ జాడీ. జాడీ దింపమంటే అమ్మ దిగిపోతానంది.

కరెంటు విషయంలో మాత్రం మీకు వంద మార్కులు. 30 ఆంపులంటే 30 ఆంపులే. 120 వోల్టుల మీద 3,600 వాట్లు. ఏసీ, వాటర్ హీటర్ నడుస్తుండగా రైస్ కుక్కర్ పెడితే బ్రేకర్ టప్పున పడిపోయింది. మా పోపు పొగకి అలారం కూడా తారస్థాయిలో కూసింది. ఆ రెండు టిక్కులు నిజం పలికాయి, ఒప్పుకుంటాను.

ఇక నీళ్ళ సంగతి.

టెక్సోమా చెరువు గట్టున ఐజన్‌హవర్ స్టేట్ పార్కులో మా గృహప్రవేశం. గొట్టం కలిపాను, ప్రెషర్ రెగ్యులేటర్ పెట్టే కలిపాను. రసీదు ఉంది, ఫొటో ఉంది, తయారీదారులకి రెండూ పంపాను. రాత్రి పిల్లలు బంకు పడకల మీద, అమ్మ భోజనాల బల్ల దగ్గరి పక్క మీద. తెల్లవారుజామున అమ్మ లేచి మేజోళ్ళతో బాత్‌రూం వైపు రెండడుగులు వేసి ఆగింది. "ఒరేయ్ నాన్నా, కింద చెమ్మ తగుల్తోందిరా."

టార్చ్ వేసుకుని బయటికి దిగి కిందికి పాకాను. ట్రైలర్ కడుపుకి కట్టే నల్ల ప్లాస్టిక్ షీటు, మీరు దాని పక్కన కూడా ఉన్నారులెండి, మధ్యలో బొజ్జలా వేలాడుతోంది. వేలితో పొడిస్తే అలలా అటూ ఇటూ కదిలింది. రాత్రంతా లోపల కారిన నీళ్ళు ఇన్సులేషన్‌ని నానబెట్టి అక్కడ సెటిలయ్యాయి. నేల చెక్క ఒకచోట మెత్తబడి, కాలు వేస్తే దిగుతోంది.

పక్క సైటులో ఒక టెక్సాస్ తాతగారు. కాఫీ కప్పు పట్టుకుని వచ్చి, నా మోకాళ్ళ బురద చూసి, ఏం జరిగిందో అడగలేదు. బయటి గొట్టం తీసేయమన్నాడు. కుళాయిలన్నీ కట్టేసి, లోపలి పంపు ఆన్ చేసి, మాట్లాడకుండా నిలబడమన్నాడు. పంపు గుర్రుమని, ప్రెషర్ ఎక్కి, ఆగింది. ఆగితే ఆగినట్టే ఉండాలి. ఇద్దరం ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. కాసేపటికి ఎవరూ ఏ కుళాయీ తిప్పకుండానే మళ్ళీ గుర్రుమంది. మళ్ళీ ఆగింది. మళ్ళీ గుర్రు. ఆయన తల ఊపి, షవర్ వెనక పలక విప్పించాడు. ఎర్ర గొట్టం మలుపు దగ్గర బిగించాల్సిన రింగు బిగించకుండా వదులుగా వేలాడుతోంది, పిల్లల చేతికి పెద్దవాళ్ళ గాజు వేసినట్టు.

టిక్కు గారూ, పరీక్ష అంటే అంతే. ఒక పంపు స్విచ్చు, కట్టేసిన కుళాయిలు, పక్కన చెవులున్న మనిషి ఒకడు. యంత్రం అక్కర్లేదు, డిగ్రీ అక్కర్లేదు, ఒక టీ తాగేంత సేపు నోరు మూసుకుంటే చాలు. మీరున్న గడిలో ఆ పరీక్షే చేశామని అచ్చయి ఉంది.

ట్రైలర్ తయారైన ఎల్కార్ట్‌లో రింగు మర్చిపోయినవాడి మీద నాకు కోపం లేదు, నిజం. అమెరికాలో ఆర్వీల్లో, అంటే ఇలాంటి బండి ఇళ్ళల్లో, నూటికి 80 పైగా ఇండియానాలోనే, ఎక్కువగా ఆ ఊరి చుట్టుపక్కలే తయారవుతాయి. తొందర పని, ఒక చెయ్యి తప్పింది. అక్కణ్ణుంచి డాలస్‌కి దాదాపు వెయ్యి మైళ్ళ కుదుపులు. ఇల్లూ వాకిలీ, వంటగదీ, పడగ్గదీ హైవే మీద ఊగుతూ వస్తే ఎక్కడో ఒకటి వదులవుతుంది. ఆ సంగతి వాళ్ళకి తెలుసు, డీలర్లకి తెలుసు. అందుకే కదా కొన్నవాడి చేతిలో పెట్టే ముందు ఒకసారి విప్పి చూడమని ఈ పీడీఐ పెట్టారు. అందుకే కదా బిల్లులో ప్రెప్ ఫీజు అని ఒక లైను వేసి నా దగ్గర విడిగా డబ్బు పట్టారు. రింగు మర్చిపోయినవాడు మర్చిపోయాడు. డబ్బు తీసుకున్నవాడు చూడలేదు, చూశానని రాశాడు.

ఈ మాట ఇంతటితో ఆపేద్దామనుకున్నాను. పొరపాటున రెండో పేజీ తిప్పాను.

జనరేటర్: స్టార్ట్ చేసి, లోడ్ పెట్టి పరీక్షించాం.

టిక్కు.

మా ట్రైలర్‌కి జనరేటర్ లేదు! ఎప్పుడూ లేదు. జనరేటర్ ఉన్న మోడల్ నేను అడగలేదు, వాళ్ళు చూపించలేదు. పెట్టడానికి చోటు కూడా లేదు. అన్ని మోడళ్ళకీ ఒకే అచ్చు కాగితం వాడతారు కాబట్టి పక్కనే "వర్తించదు" అని ఒక గడి ఉంచారు. ఆ గడి ఖాళీగా, తెల్లగా, పెన్ను సోకకుండా ఉంది. మీరు దాన్ని దాటుకుని వెళ్ళి లేని ఇంజిన్‌ని స్టార్ట్ చేశారు. లోడ్ కూడా పెట్టారు. మా ఆవిడని పిలిచి చూపించాను. ఆవిడ ఇంకా కిందికి చదివి, "జనరేటర్ ఆయిల్ లెవెల్ కూడా బాగుందటండీ" అంది.

ఒరేయ్ టిక్కూ.

లేని జనరేటర్లో ఆయిల్ చూసిన కన్ను ఉన్న గొట్టంలో రింగు ఎందుకు చూడలేదురా? చూడలేదు సరే, రాయడం దేనికి? ఆ గడి ఖాళీగా వదిలేసి ఉంటే ఈ రోజు నా మాట చెల్లేది. టెస్ట్ చెయ్యలేదు కాబట్టి తప్పు మాదేనని ఒప్పుకునేవాళ్ళు. నువ్వు పని ఎగ్గొట్టావు, ఎగ్గొట్టిన పనినే తీసుకెళ్ళి నా మీద కేసు చేశావు. కౌంటర్ అమ్మాయి గోరు పెట్టింది నీ మీద. తయారీదారులు నమ్మేది నిన్ను. తడిసిన నేల ఫొటోలు, ఉబ్బిన షీటు వీడియో, తాతగారి సాక్ష్యం అన్నీ ఒక పక్క, నీ వంకర తోక ఒక పక్క. నువ్వే మొగ్గావు.

మా అమ్మ ఇక్కడ ఉండేది ఆరు నెలలు. టెక్సాస్‌లోనే ఉన్న పాలో డురో కాన్యన్ అనే పెద్ద లోయ చూపిస్తానన్నాను. స్టేట్ పార్కులో సైటు కావాలంటే నెలల ముందే కాచుకుని పట్టాలి, పట్టాను. ఆ తేదీలు దాటిపోయాయి. ట్రైలర్ మీ వాళ్ళ స్థలంలో ఎండకి ఎండుతోంది, వాయిదా మాత్రం నెల తిరిగేసరికి బ్యాంకు పట్టుకుపోతోంది. దాన్ని ఇంటి ముందు పెడితే హెచ్ఓఏ వాళ్ళు, అదే మా కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం వాళ్ళు, రాసే ఉత్తరాలు తప్పాయన్నదొక్కటే లాభం.

లోపాలున్న కొత్త బండి కొన్నవాణ్ణి కాపాడే చట్టం, టెక్సాస్ లెమన్ లా, లాగుడు ట్రైలర్లకీ వర్తిస్తుందని కూడా చదువుకున్నాను. మొదటి 24 నెలల్లో మొత్తం 30 రోజులు రిపేరులో పడి ఉండి, అప్పటికీ పెద్ద లోపం పోకపోతే, బదులుగా వాడుకోవడానికి అలాంటిదే ఇంకొకటి ఇవ్వకపోతే, 35 డాలర్లు కట్టి రాష్ట్ర మోటారు వాహనాల శాఖకి ఫిర్యాదు పెట్టుకోవచ్చట. ఆ ఫారం ప్రింటు తీశాను. అందులోనూ గడులున్నాయి. ఆ గడుల్లో నిన్ను నేనే పెడతాను, ఒక్కో లైనూ చదివి పెడతాను.

కోపంలో ఏకవచనం దొర్లింది, మన్నించాలి. మళ్ళీ మర్యాదకి వస్తున్నాను.

ట్రైలర్ సిద్ధమైందని ఫోన్ వచ్చిన రోజు నిచ్చెన, టార్చ్, టార్క్ రెంచ్ పట్టుకుని వస్తాను. అమ్మ ప్రయాణం లోపల పని అయితే ఆవిణ్ణి కూడా తీసుకొస్తాను. మేజోళ్ళు వేసుకుని ఈ చివర నుంచి ఆ చివరకి నడుస్తుంది. ఆవిడ సరే అన్నాకే సంతకం. కుళాయిలన్నీ కట్టేసి పంపు ఆన్ చేస్తాం. ఆ కాసేపు మీ సేల్స్ వాళ్ళని మాట్లాడకుండా ఉండమని ముందే చెప్పి పెట్టండి, అది వాళ్ళకి కష్టమని తెలుసు.

అలాగే మా జనరేటర్ కూడా ఇప్పించండి. స్టార్ట్ చేసి, లోడ్ పెట్టి, ఆయిల్ చూసి మరీ బాగుందన్నారు కాబట్టి మీ షెడ్డులో ఎక్కడో ఉండే ఉంటుంది. రికార్డులో ఉంది కదా, మాదే.

ఇట్లు,
రెండో పేజీ కూడా చదివిన కస్టమరు